సీటు లేవట్లేదా, కుంగుతోందా? డ్రాపర్ పోస్టుకు ఇంటి దగ్గరే వైద్యం

డ్రాపర్ పోస్టు అంటే హ్యాండిల్ దగ్గరి లివర్ నొక్కితే సైకిలు సీటును దించే, లేపే గొట్టం. దేవమాలి కొండ మీంచి దిగేటప్పుడు సీటు బాగానే కిందికి పోయింది. దిగువన మళ్లీ చిన్న ఎక్కుడు వచ్చి, బొటనవేలితో లివర్ నొక్కితే మాత్రం పైకి లేవలేదు. "బావా, ఇది చచ్చిపోయింది" అన్నాడు మా మేనమామ కొడుకు. సిమిలిగూడ దాకా మోకాళ్లు గుండెలకు తగులుతుండగా తొక్కుకుంటూ వచ్చాడు పాపం. ఇంటికొచ్చి చూస్తే పోస్టుకు ఏ జబ్బూ లేదు. లివర్ దగ్గర ఔటరు (వైరు మీది తొడుగు) చివరి టోపీ దాని గూట్లోంచి జారి పక్కకు వచ్చేసింది, అంతే. మళ్లీ గూట్లో కూర్చోబెట్టి, వైరు కాస్త బిగిస్తే సీటు టక్కున లేచింది.

నా చేతికి వచ్చిన డ్రాపర్లలో ఎక్కువ వాటి కథ ఇదే. చచ్చిపోయిందనుకున్నది చాలాసార్లు బతికే ఉంటుంది. కొరాపుట్, జయపురం, రాయగడ వైపు మామూలు సైకిలు బాగుచేసే మంచి మెకానిక్కులకు కొదవ లేదు. డ్రాపర్ పోస్టు విప్పి చూసిన చెయ్యి దొరకడమే కష్టం. విశాఖకో భువనేశ్వర్‌కో పంపితే సైకిలు వారాల తరబడి గోడకు ఆనుకుని ఉంటుంది. అందుకే పార్శిల్ కట్టే ముందు ఏది పోయిందో మనమే తేల్చుకోవాలి. బయటి నుంచి లోపలికి ఒక వరుసలో వెళ్తే అది సాధ్యమే. ఆ వరుస తప్పి నేరుగా పోస్టు విప్పేసినవాళ్లే ఎక్కువ నష్టపోయారు.

లోపల ఏం జరుగుతుంది

ఫ్రేములోకి దిగి ఉండే లావు గొట్టం కదలదు. దాని లోపల పైకీ కిందికీ జారేది నున్నని సన్న గొట్టం, సీటు దాని నెత్తిన ఉంటుంది. సన్న గొట్టం లోపల కాట్రిడ్జ్ ఉంటుంది. అందులో ఒత్తిడిలో ఉన్న గాలో నైట్రోజనో, దానితోపాటు నూనె, ఒక వాల్వు. లివర్ నొక్కితే వైరు లాగుతుంది, వైరు పోస్టు అడుగున ఉన్న చిన్న మీటను కదుపుతుంది, మీట వాల్వును తెరుస్తుంది. అప్పుడు మన బరువు ఉంటే సీటు దిగుతుంది, లేకపోతే గాలి ఒత్తిడికి లేస్తుంది. లివర్ వదలగానే వాల్వు మూసుకుంటుంది. నూనె నొక్కుకుపోదు కాబట్టి సీటు ఉన్నచోటే నిలుస్తుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు, తర్వాత చెప్పే లక్షణాలన్నీ దాన్నుంచే అర్థమవుతాయి.

సీటు గుండ్రంగా తిరిగిపోకుండా రెండు గొట్టాల మధ్య గాళ్లలో చిన్న ఇత్తడి ముక్కలు ఉంటాయి, చాలా పోస్టుల్లో మూడు. లావు గొట్టం నెత్తిన కాలర్, దాని లోపల దుమ్ము ఆపే రబ్బరు సీలు, సన్న గొట్టం ఆడకుండా పట్టే బుష్.

ఇక్కడ రాస్తున్నదంతా వైరుతో పనిచేసే పోస్టుల గురించి. 2010లో వచ్చిన రాక్‌షాక్స్ కంపెనీ రెవెర్బ్ మోడళ్లలో లివర్‌కూ పోస్టుకూ మధ్య వైరు కాదు, నూనె గొట్టం ఉండేది. వాటికి బ్లీడింగ్ చేసి గాలి బుడగలు తీయాలి, దానికి వేరే కిట్టు కావాలి. వైర్‌లెస్ రకాలకు ముందు బ్యాటరీ చార్జి చూసుకోండి.

దగ్గర ఉంచుకోవాల్సినవి

ఆలెన్ కీల సెట్టు, వైరు నలగకుండా తెగ్గొట్టే పదునైన కట్టరు, నూలు గుడ్డలు, ఐసోప్రొపైల్ ఆల్కహాలు, ఫోర్కులకు వాడే పలచటి సస్పెన్షన్ గ్రీజు, పట్టు కోసం చింపిన పాత సైకిలు ట్యూబు ముక్క. లోపలి దాకా వెళ్తే సర్‌క్లిప్ ప్లయర్ (క్లిప్పులు తీసే పటకారు) కూడా కావాలి. ఎంత బిగిసిందో అంకెతో చూపే టార్క్ పానా ఉంటే సగం తగాదాలు రావు. మోటారు సైకిలు బేరింగులకు పెట్టే చిక్కటి గ్రీజు మాత్రం వద్దు. దానితో పోస్టు బరువెక్కి నెమ్మదిస్తుంది, పైగా దుమ్మంతా దాన్నే పట్టుకుంటుంది.

మొదటి అడుగు: సీటు క్లాంపు వదులు చేసి చూడండి

సీటు నెమ్మదిగా లేస్తోందా, మధ్యలో ఆగుతోందా? ఫ్రేము దగ్గర పోస్టును పట్టుకున్న క్లాంపు బోల్టును అర చుట్టు వదిలి లివర్ నొక్కండి. ఇప్పుడు చురుగ్గా లేస్తే తప్పు పోస్టుది కాదు, బోల్టు బిగించిన చేతిది. మామూలు సీటు పోస్టు లోపల ఏమీ కదలదు కనుక ఎంత బిగించినా ఊరుకుంటుంది. డ్రాపర్ లావు గొట్టం గోడ పలుచన. క్లాంపు నొక్కితే అది లోపలి గొట్టాన్ని పట్టేస్తుంది. క్లాంపు మీదే అంకె రాసి ఉంటుంది, ఎక్కువగా 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు. అంత బిగించినా పోస్టు కిందికి జారుతుంటే ఇంకా బిగించకండి. పోస్టు బయటికి తీసి, రెండు వైపులా జిడ్డు తుడిచి, పట్టు కోసం కార్బన్ ఫ్రేములకు వాడే గరుకు పేస్టు రాసి మళ్లీ పెట్టండి. లోహపు ఫ్రేములోనూ అది బాగానే పనిచేస్తుంది.

చలికాలం ఒక మాట. డిసెంబరు, జనవరిలో పొట్టంగి వైపు తెల్లవారుజామున వెళ్తే సీటు బద్ధకంగా లేవడం లోపం కాదు. చలికి నూనె, గ్రీజు చిక్కబడతాయి. ఎండెక్కాక మళ్లీ చూడండి.

రెండో అడుగు: వైరు ఊడదీసి చేత్తో నొక్కండి

మొత్తం పనిలో అసలు పరీక్ష ఇదే. సగం తీర్పు ఇక్కడే వస్తుంది కాబట్టి దీన్ని దాటవేయకండి.

ముందు మీ సీటు ఎత్తు దగ్గర పోస్టు మీద చిన్న టేపు ముక్క అంటించండి. క్లాంపు పూర్తిగా వదిలి పోస్టును మెల్లగా పైకి లాగండి. ఒక చేత్తో లాగుతూ, రెండో చేత్తో హ్యాండిల్ దగ్గరి ఔటరును ఫ్రేము రంధ్రంలోకి తోస్తూ ఉండాలి. తోయకుండా గుంజితే ఔటరు నలుగుతుంది, లేదా అడుగు మీట విరుగుతుంది. పోస్టు బయటికి వచ్చాక మీటనుంచి వైరు తప్పించండి. కొన్ని రకాల్లో వైరు గుండు కింద మీట దగ్గరా, బిగించే స్క్రూ పైన లివర్ దగ్గరా ఉంటాయి. కొన్నింటిలో తారుమారు. విప్పే ముందు ఫోనులో ఫొటో తీసుకోండి.

ఇప్పుడు పోస్టును నిలబెట్టి, అడుగు మీటను వేలితోనో ఆలెన్ కీతోనో నొక్కుతూ సీటును కిందికి అదమండి. మీట వదిలి, మళ్లీ నొక్కి లేవనివ్వండి. సీటు దారిలో ముఖం పెట్టొద్దు, అది బలంగానే లేస్తుంది.

చేత్తో నొక్కితే చక్కగా దిగి లేస్తోందా? పోస్టు బాగుంది, జబ్బు వైరులోనో లివర్‌లోనో ఉంది. లేస్తోంది గానీ ఈడుస్తూ లేస్తోందా? మట్టి, ఎండిన గ్రీజు, లేదా గాలి తగ్గడం. వైరు లేకపోయినా, మీట ముట్టుకోకపోయినా, బరువు పెడితే సీటు కుంగుతోందా? కాట్రిడ్జ్ పోయింది. మీటే కదలడం లేదా? నీళ్లు దిగి తుప్పు పట్టింది.

వైరు, ఔటరు, లివర్

ఇన్నరును (లోపలి వైరును) ఔటరులోంచి పూర్తిగా లాగి చూడండి. వేళ్లకు ఎర్రటి మట్టి గరుగ్గా తగిలితే రెండూ మార్చేయడమే మేలు, కడిగి వాడితే నెలకే మొదటికొస్తుంది. ఔటరు గేర్లకు వాడే 4 మి.మీ.దే కావాలి. ఊళ్లో షాపుల్లో ఎక్కువగా దొరికేది 5 మి.మీ. బ్రేకు ఔటరు. అందులో తీగ స్ప్రింగులా చుట్టి ఉంటుంది కనుక లివర్ నొక్కినప్పుడల్లా కాస్త కుంచించుకుపోతుంది, ఆ మేరకు మీట తక్కువ కదులుతుంది. ఇన్నరు కూడా గేరు వైరే, 1.1 లేదా 1.2 మి.మీ.

ఔటరు కోసిన చివర నిటారుగా ఉండాలి. లోపలి ప్లాస్టిక్ గొట్టం నలిగి మూసుకుంటే సూదితో తెరిచి, టోపీ తొడగండి. పొడవు విషయంలో తొందర వద్దు. హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పినా ఔటరు గుంజకూడదు. అలాగని మరీ పొడుగ్గా వదిలితే పోస్టు కిందికి దింపినప్పుడు పెడల్ ఇరుసు దగ్గర మెలిక పడుతుంది. కొత్త వైరు వేశాక లివర్ బరువెక్కిందంటే దాదాపు ఎప్పుడూ ఈ మెలికే కారణం. పోస్టు కొంచెం పైకి లాగి, హ్యాండిల్ వైపునుంచి ఔటరును బయటికి లాక్కుంటూ మళ్లీ దింపండి.

ఇక బిగుతు. లివర్ నొక్కడం మొదలుపెట్టాక 1–2 మి.మీ. దాకా ఏమీ జరగకూడదు, ఆ తర్వాతే వైరు లాగాలి. ఆ మాత్రం వదులు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు. సీటు ఎక్కి కూర్చున్నాక మెల్లమెల్లగా కిందికి దిగిపోతుంది, దించిన సీటు దానంతట అదే పైకి వస్తుంది. చూసినవాళ్లు కాట్రిడ్జ్ పోయిందనుకుంటారు. జయపురంలో ఒక కుర్రాడు ఇలాగే కొత్త కాట్రిడ్జ్ తెప్పించుకున్నాడు, అది వేసినా సీటు కుంగుతూనే ఉంది. లివర్ దగ్గరి మర రెండు చుట్లు లోపలికి తిప్పి వైరు వదులు చేస్తే సరిపోయింది. వైరు మరీ వదులైతే దీనికి తలకిందులుగా, లివర్ చివరిదాకా నొక్కినా సీటు కదలదు.

లివర్ నొక్కాక వెనక్కి రాకపోతే దాని ఇరుసు బోల్టు చూడండి. మట్టి చేరి ఉంటుంది, లేదా ఎవరో ఎక్కువ బిగించి ఉంటారు. విప్పి తుడిచి చుక్క గ్రీజు పెట్టండి.

మట్టీ నీళ్లూ

మన కొండల ఎర్రమట్టి రెండు రకాలుగా కొడుతుంది. వానల్లో బురదై సీలు అంచున పేరుకుంటుంది. ఎండల్లో పిండిలాంటి దుమ్మై సీలు లోపలికి జొరబడుతుంది. నా అనుభవంలో బురదకంటే మార్చి, ఏప్రిల్ నెలల దుమ్మే పోస్టును త్వరగా అరగదీసింది. బురద కళ్లకు కనిపిస్తుంది, తుడుస్తాం. దుమ్మును ఎవరూ పట్టించుకోరు.

శుభ్రం చేసే పద్ధతి ఇది. సీటు పూర్తిగా పైకి లేపి, నున్నని గొట్టం తుడవండి. కాలర్ చుట్టూ ట్యూబు ముక్క చుట్టి చేత్తోనే ఎడమకు తిప్పి విప్పండి. నున్నని గొట్టాన్ని ఏ పానాతోనూ పట్టుకోకూడదు. వైస్‌లోనూ స్టాండులోనూ బిగించకూడదు. దాని మీద ఒక్క గీత పడితే సీలును కోస్తూ ఉంటుంది. పట్టుకోవాల్సి వస్తే లావు గొట్టాన్నే పట్టుకోండి. కాలర్ పైకి జరిపాక కింద బుష్ కనిపిస్తుంది, వచ్చేరకమైతే దాన్నీ పైకి జరపండి. పాత గ్రీజంతా గుడ్డతో తీసి, ఆల్కహాలుతో తడిపిన గుడ్డతో మళ్లీ తుడవండి. సీలు పెదవి చిరిగిందేమో వేలితో తడిమి చూడండి. సస్పెన్షన్ గ్రీజు పలచగా, పొర మాదిరిగా రాసి, కాలర్ చేతి బిగుతుకు తిప్పండి. పదిసార్లు దించి లేపి, బయటికి వచ్చిన గ్రీజు తుడిచేయండి. ఈడుస్తూ లేచే పోస్టుల్లో చాలావరకు ఈ అరగంట పనితోనే మళ్లీ టక్కుమని లేస్తాయి.

సీలు మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టడం చాలామందికి అలవాటు. కాసేపు నున్నగా కదులుతుంది, కానీ లోపలి గ్రీజును కరిగించి తీసుకుపోతుంది. మోటారు సైకిళ్లు కడిగే ప్రెషర్ పంపు నీళ్లను కూడా సీలు మీదికి సూటిగా కొట్టనివ్వకండి. బకెట్టు నీళ్లు, తడిగుడ్డ చాలు.

బయటి మట్టి కంటే నాకు ఎక్కువ భయం ఫ్రేము లోపల నిలిచే నీళ్లంటే. వైరు దూరే రంధ్రాల్లోంచీ, క్లాంపు చీలికలోంచీ వాన నీళ్లు సీటు గొట్టంలోకి దిగుతాయి. పోస్టు అడుగు మీట సరిగ్గా ఆ తడిలోనే ఉంటుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా నెలకోసారి పోస్టు బయటికి తీసి, సైకిలు తలకిందులు చేసి నీళ్లు వంచేయండి. పెడల్ ఇరుసు గూడు కింద చిన్న రంధ్రం ఉంటే మట్టితో మూసుకుపోయి ఉంటుంది, వైరు ముక్కతో పొడిచి తెరవండి. మీటకు తుప్పు మొదలైతే విప్పి, పాత టూత్ బ్రష్షుతో రుద్ది, ఆరబెట్టి, ఇరుసులో గ్రీజు పెట్టండి. రంధ్రాల రబ్బరు బిళ్లలు ఊడిపోయి ఉంటే కొత్తవి వేయండి.

సీటు పక్కలకు ఆడుతుంటే

సీటు ముక్కు పట్టుకుని కుడి ఎడమలకు ఊపితే కొద్దిగా ఆడటం కొత్త పోస్టులోనూ ఉంటుంది, దాన్ని లోపం అనుకోవద్దు. ఆ ఆట నెలనెలా పెరుగుతుంటే ఇత్తడి ముక్కలు అరిగాయి. ముందుకూ వెనక్కీ ఆడితే బుష్ అరిగింది.

ముక్కలు మార్చడానికి పోస్టును దాదాపు పూర్తిగా విప్పాలి. విప్పే తీరు మోడలును బట్టి మారుతుంది కనుక తయారీదారు ఇచ్చిన బొమ్మల కాగితం పక్కన పెట్టుకోండి. చాలావాటిలో అడుగు మీట తీసి, దాని వెనక ఉన్న క్లిప్పు తప్పించి, కాలర్ విప్పితే సన్న గొట్టం పైకి వచ్చేస్తుంది. నేల మీద తెల్ల గుడ్డ పరిచి చేయండి, ఇత్తడి ముక్కలు బియ్యపు గింజల్లా దొర్లిపోతాయి. ఏది ఏ గాడిలో ఉందో ఫొటో తీయండి. కొన్ని కంపెనీలు వీటిని వేర్వేరు మందాల్లో, మీద అంకె వేసి ఇస్తాయి. ఉన్న అంకెకు పై అంకెవి తెప్పించి, అన్నీ ఒకే మందంలో వేయండి. వేశాక గొట్టం చేత్తోనే నున్నగా జారాలి. పట్టేస్తే ఒక అంకె వెనక్కి రండి, అదే సర్దుకుంటుందిలే అని వదిలేస్తే గాళ్లు చెడిపోతాయి.

గాలి తగ్గినా, కాట్రిడ్జ్ పోయినా

వైరు తీసేసి, శుభ్రం చేశాక కూడా నెమ్మదిగా లేస్తుంటే గాలి సంగతి చూడాలి. కొన్ని పోస్టులకు సీటు బిగించే చోటో, అడుగునో గాలి వాల్వు ఉంటుంది. ఎంత ఒత్తిడో ఆ పోస్టు మాన్యువల్ చెబుతుంది, చాలా వాటిలో 150 పీఎస్ఐ దాటే ఉంటుంది. టైరు పంపు దీనికి చాలదు. పంక్చర్ షాపు కంప్రెసర్ మీదా ఆధారపడొద్దు. ఫోర్కులకు గాలి కొట్టే షాక్ పంపే కావాలి. వాల్వు లేనివాటిలో సీలు వేసిన కాట్రిడ్జ్ ఉంటుంది, దానికి గాలి కొట్టే దారి లేదు.

కుంగడంలో రెండు రకాలు. సీటు ఎక్కి కూర్చుంటే స్ప్రింగులా ఒక సెంటీమీటరు ఊగి ఆగితే గాలి నూనెలో కలిసిందని అర్థం. తొక్కుతుండగా ఆగకుండా కిందికి పోతుంటే వాల్వు గానీ లోపలి సీలు గానీ నూనెను ఆపడం లేదు. 2020 మోడలు రెవెర్బ్‌లో నూనెలో కలిసిన గాలిని బయటికి వదిలే ఏర్పాటు పోస్టులోనే ఉంది. సీలు వేసిన కాట్రిడ్జ్‌కు మాత్రం మార్చడమే దారి. దాన్ని కోయడం, తూటు పొడవడం, వేడిచేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. లోపల ఒత్తిడి ఎంత ఉంటుందంటే ముక్కలు కళ్లలోకి ఎగరగలవు.

కొత్తది తెప్పించేటప్పుడు మోడలు పేరు, సీటు ఎంత దిగుతుందో ఆ కొలత (125, 150, 170, 200 మి.మీ. వంటివి), పాత కాట్రిడ్జ్ మీది అంకెలు మూడూ సరిపోల్చండి. కొన్నింటిలో పైన సీటు బిగించే చోట ఒక బోల్టు, అడుగున ఒక క్లిప్పు విప్పితే పాతది జారి బయటికి వస్తుంది. కొత్తది అదే దిశలో పెట్టి, విప్పిన వరుసకు తిరగేసి బిగించండి. పోస్టే మార్చాలనుకుంటే ఫ్రేము సీటు గొట్టం లోపలి వ్యాసం తెలుసుకోండి. ఇప్పటి మౌంటెన్ సైకిళ్లలో 30.9, 31.6 మి.మీ. ఎక్కువ, 27.2, 34.9 కూడా ఉన్నాయి. ఒక పదో వంతు మి.మీ. తేడా కూడా సర్దుకోదు.

బస్సు ఎక్కించేటప్పుడు

నా కాట్రిడ్జ్ ఒకటి పోయింది రాళ్ల దారిలో కాదు, బస్సు టాపు మీద. విశాఖ నుంచి సాలూరు, సుంకి ఘాటు మీదుగా వస్తూ సీటు కిందికి దింపి సైకిలు ఇచ్చాను. పైనున్నాయన అలవాటుగా సీటు పట్టుకుని లాగాడు, బరువంతా దాని మీదే వేలాడింది. మర్నాడు సీటు ఒక సెంటీమీటరు ఊగుతోంది. దిగి ఉన్న సీటు పట్టుకుని పైకి గుంజితే లోపల శూన్యం ఏర్పడి గాలి నూనెలోకి చొరబడుతుంది. ఇప్పుడు సీటు పూర్తిగా పైకి లేపి ఇస్తాను, "అన్నా, సీటు పట్టుకోకు, ఫ్రేము పట్టుకో" అని కింది నుంచే చెబుతాను. ఇంట్లో కొక్కేనికి సీటు తగిలించి వేలాడదీయడం కూడా ఇంతే చెరుపు.

తిరిగి బిగించాక

ఔటరును హ్యాండిల్ వైపు లాగుతూ పోస్టును టేపు గుర్తు దాకా దింపండి. పోస్టు మీద ఉండే కనీస లోతు గీత ఫ్రేము లోపలే ఉండాలి. క్లాంపు మెల్లగా, సీటు వేగం తగ్గకుండా చూసుకుంటూ బిగించండి. వైరు తోక ఇప్పుడే కోయకండి. సీటు మీద పూర్తి బరువు వేసి అయిదు నిమిషాలు కూర్చోండి. సగం ఎత్తులో ఆపి మళ్లీ కూర్చోండి. రెండు చోట్లా నిలిస్తే తోక కోసి చివర టోపీ నొక్కండి. మొదటి రైడు అయ్యాక టేపు గుర్తు కిందికి జారిందేమో, కాలర్ వదులైందేమో చూసి, ఆ తర్వాత టేపు తీసేయండి.